నాలుగు మార్కుల అర్జీ

కుర్చీలోంచి లేవగానే సుగుణావతి చేసిన మొదటి పని రెండు చేతులూ కుళాయి కింద పెట్టడం. వేళ్ల మీద ఎక్కడా గాయం లేదు. ఎరుపైనా లేదు. అయినా పది వేళ్ల కొసలూ భగభగ మండుతున్నాయి.

జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు పెంకులోంచి కారే నూనెకు పొక్కిపోతాయని ఆమెకు ఎప్పుడో తెలుసు. ఇరవై ఆరేళ్లు ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసింది. అలాంటి చేతుల్ని ఎన్నింటినో తన చేతుల్లోకి తీసుకుని చూసింది. చూడడం వేరని, అవే చేతులు తనవైతే ఎలా ఉంటుందో వేరని ఇప్పుడే తెలిసింది.

"కాసేపట్లో తగ్గుతుంది మేడమ్," అన్నాడు ఇందుశేఖర్ తువ్వాలు అందిస్తూ. "కొందరికి రెండు రోజులు కూడా ఉంటుంది. మొదటిసారి కదా."

ఇందుశేఖర్ నాడీశాస్త్రం చదివిన ఇంజినీరు. నలభై ఏళ్లుంటాయి. ఆ కుర్చీని, దానికి ప్రాణం పోసే 'స్పర్శలేఖిని'ని కనిపెట్టింది అతనే. స్పర్శలేఖిని అంటే మెడ వెనుక, వెన్నెముక మొదట్లో అంటించే రెండంగుళాల పట్టీ. పల్లెల్లో అందరూ దాన్ని పట్టీ అనే పిలుస్తారు. ఒంటి నుంచి మెదడుకు వెళ్లే కబుర్లన్నింటినీ అది దారిలోనే విని రాసుకుంటుంది. బరువు, వేడి, సలుపు, మంట, అలసట, ఏదీ వదలదు. ఒక ఊరి నుంచి పదిమంది ఏడు రోజులు పట్టీ కట్టుకుంటే, ఆ ఏడు రోజుల్నీ యంత్రం ఇరవై నిమిషాలకు కుదిస్తుంది. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఈ మూడంతస్తుల భవనంలో, ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఆ ఇరవై నిమిషాలూ ఆ ఒంటితో బతుకుతారు. తర్వాత మార్కులు వేస్తారు.

తూర్పుతీర సముదాయ నిధి ఏటా ఎనిమిది సంఘాలకు సాయం చేస్తుంది. ఈ ఏడు ముప్ఫై ఒక్క అర్జీలు వచ్చాయి. వందకు అరవై మార్కులు పట్టీ చెప్పే కష్టానికి. తక్కిన నలభై, సంఘం వేసుకున్న పథకం ఎలా ఉందో చదివి ఐదుగురు పరిశీలకులు వేయాలి. పట్టీ మార్కులు పదిహేను దాటని అర్జీ చివరి సమావేశం దాకా రాదు. అక్కడితో దాని కథ ముగిసినట్టే.

పూర్వం ఇదంతా కాగితాల మీదే జరిగేది. ఎవరి అర్జీ అందంగా రాసి ఉంటే వారికి సాయం. ఇందుశేఖర్ తల్లి కొబ్బరిపీచు తాళ్లు పేనే ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఐదేళ్లు ఐదు అర్జీలు పెట్టింది. ఐదుసార్లూ ఒకటే జవాబు వచ్చింది: 'అవసరాన్ని స్పష్టంగా వివరించలేదు.' ఆమెకు సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. అరచేతుల్లో చర్మం లేకుండానే ఆమె పోయింది.

"అవసరాన్ని ఎవరూ వివరించక్కర్లేదు మేడమ్," అన్నాడు ఇందుశేఖర్ ఆ రోజు. "దాన్ని మోసే ఒళ్లే చెబుతుంది. ఒంటికి అబద్ధం రాదు."

ఆ మాట సుగుణకు బాగా నచ్చింది. జీడిపిక్కల సంఘానికి పట్టీ యాభై రెండు వేసింది. తన నలభైలో ముప్ఫై ఆరు వేసి, మండే వేళ్లతోనే సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కంచం ముందు కూర్చుని, పప్పన్నంలో చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. భర్త సన్యాసిరావు ఆమె చేతిని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఏటి, చేతికేమీ అవలేదే?"

"అవలేదండీ. పలాసలో ఎవరికో అయింది."

సన్యాసిరావు ఆర్టీసీలో ముప్ఫై మూడేళ్లు బస్సు నడిపినవాడు. విచిత్రమైన జవాబులు విని ఊరుకోవడం ఆయనకు అలవాటే. కంచం తనవైపు లాక్కుని, అన్నం కలిపి, చెంచా వేసి ఆమె ముందుకు తోశాడు. "తినీ. రేపెవరి నొప్పి తెస్తావో, దానికీ ఓపికుండాలి కదా."

ఆ మాట నిజమే అయింది. మర్నాడు కొండమీది గూడెం వాళ్ల నీళ్ల బిందెలు మోసి మెడ పట్టేసింది. ఆ తర్వాత వలలు లాగే జాలరుల భుజాలు. తర్వాత ఇటుకబట్టీ వేడి. పరిశీలకుల్లో ఒకాయన రెండో వారంలోనే దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. రాత్రుళ్లు తన వెన్ను ఎవరిదో తెలియడం లేదన్నాడు. మిగిలిన నలుగురూ పళ్లబిగువున కూర్చున్నారు.

ఇరవై ఏడో అర్జీ గుల్లపాడుది. ఉప్పుమళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంఘం. చేతిరాతతో రెండు పేజీలు. 'మా కాళ్లు పాడైపోతున్నాయి. కాళ్లు కడుక్కోడానికి మంచినీళ్లున్న షెడ్డు, రబ్బరు బూట్లు, నెలకోసారి కాళ్లు చూసే డాక్టరు కావాలి. పోయినేడు కూడా పెట్టాము, రాలేదు' అని ఉంది. కింద నలభై మూడు వేలిముద్రలు.

సుగుణ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. మెడ మీద ఎండ చురుక్కుమంది. చేతుల్లో కాస్త బడలిక తెలిసింది. అంతే. కాళ్ల సంగతి ఏమైనా తెలుస్తుందేమోనని చాలాసేపు చూసింది. ఏమీ లేదు. రెండు వారాలుగా ఊళ్ల నొప్పులన్నీ మోసిన ఒంటికి ఆ ఇరవై నిమిషాలూ సెలవు దొరికినట్టయింది. చివర్లో చిన్న కునుకు కూడా పట్టింది.

తెర మీద పట్టీ మార్కులు పడ్డాయి. అరవైకి నాలుగు.

"గుల్లపాడా? నేనైతే గుర్రు పెట్టాను," అన్నాడు వైకుంఠం మాస్టారు. ఆయన అర్థశాస్త్రం లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి, పరిశీలకుల్లో పెద్దాయన. "కాళ్లు పాడైపోతున్నాయని రాశారు గానీ, నా కాళ్లకంటే వాళ్ల కాళ్లే నయం. పాపం, అడిగితే పోయేదేముందని అడిగినట్టున్నారు."

అందరూ నవ్వారు. సుగుణ కూడా నవ్వింది. నలభైకి ఇరవై రెండు వేసి సంతకం పెట్టి, తర్వాతి అర్జీ తెరిచింది.

ఆ ఆదివారం పొద్దున సన్యాసిరావు రైతుబజారు నుంచి సంచీ నిండా కూరలతో వచ్చాడు. వంకాయల ధర ఎలా పెరిగిందో చెబుతూ వంటింటి దాకా నడిచాడు. సుగుణ ఆయన మాటలు వినడం లేదు. గుమ్మం నుంచి వంటింటి వరకూ నాపరాళ్ల మీద అడుగడుక్కీ ఎర్రటి మరక ఉంది.

"ఏమండీ, కదలకండి. కూర్చోండి."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఎత్తింది. రబ్బరు చెప్పును చీల్చుకుని ఒక మేకు అరికాల్లోకి దిగి ఉంది. చెప్పు కాలికి అతుక్కుపోయింది. మేకు ఇవాళ్టిదే గానీ, అక్కడి పుండు ఇప్పటిది కాదు. చుట్టూ మాంసం అప్పటికే నల్లబారింది. ఎన్నాళ్లుగానో కుళ్లుతూ ఉండి ఉంటుంది.

"నొప్పి తెలీలేదా?"

"ఎక్కడ? ఏమీ లేదే," అన్నాడాయన వంగి చూస్తూ. తన కాలిని ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు. ఆయనకు పద్నాలుగేళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ తగ్గుతోందని ఆమెకు తెలుసు. ఇంత తగ్గిందని తెలియదు.

సుగుణ మేకు లాగింది. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. వంకాయల కబురు మళ్లీ అందుకోబోయాడు.

ఆమె చేతిలో మేకు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఈయన మెడకు పట్టీ కడితే ఎన్ని మార్కులొస్తాయి? మూడు, నాలుగు. ఆ అంకె మనసులో పడగానే గుల్లపాడు గుర్తుకొచ్చింది. దాంతోపాటు మరోటి కూడా. ఆ కుర్చీలో ఎవరి ఒంట్లో కూర్చున్నా కాళ్ల కింద నేల ఉండేది. జాలరి కింద పడవ బల్ల తడిగా తగిలేది. గూడెం దారిలో గులకరాళ్లు గుచ్చుకునేవి. జీడిపిక్కలు కొట్టే ఆమె మఠం వేసుకు కూర్చున్న చాప గరుకు కూడా తెలిసేది. గుల్లపాడులో మాత్రం ఆ ఇరవై నిమిషాలూ కాళ్ల కింద నేలే లేదు. దాన్నే తను సుఖం అనుకుంది. కునుకు తీసింది. నవ్వింది.

ఆసుపత్రిలో ఆయనకు కట్టు కట్టించి, సోమవారం పొద్దున్నే ఇందుశేఖర్ గదిలో కూర్చుంది.

"గుల్లపాడు పట్టీల అసలు నమోదు చూడాలి. యంత్రం కుదించకముందుది."

"దేనికి మేడమ్? దానికి వచ్చిందే నాలుగు."

"అందుకే."

అతను ఓపికగానే చెప్పాడు. యంత్రం పైకి లేచిన సంకేతాలనే లెక్కపెడుతుంది. ఒక గీత కిందనున్నదంతా రొద కింద తీసి పారేస్తుంది. "ఏమీ లేకపోవడమంటే ఏమీ లేకపోవడమే కదా మేడమ్. సుఖంగా ఉన్నారని సంతోషించాలి."

"సుఖంగా ఉన్నవాడి పాదం ఊరుకుంటుందా బాబూ? నువ్విప్పుడు సుఖంగానే కూర్చున్నావు. నీ చెప్పు నీకు తెలియడం లేదూ? నొప్పి లేకపోవడం వేరు. నొప్పి తెలియకపోవడం వేరు."

ఇందుశేఖర్ మొహం ముడుచుకుంది. తన తల్లిని తలుచుకుని కట్టిన యంత్రం అది. దాన్ని ఎవరైనా వేలెత్తి చూపితే ఒళ్లు మండడం సహజమే. "సంతకమైన మార్కులు మార్చే హక్కు నాకు లేదు. పాత్రో గారిని అడగండి," అన్నాడు.

భువనమోహన పాత్రో నిధికి అధ్యక్షుడు. కలెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని నమ్మేవాడు.

"ఒక్క అర్జీ తిరగదోడితే ముప్ఫై ఒక్కటీ తిరగదోడమంటారు," అన్నాడాయన. "మీరు ఆ ఊరు వెళ్లడానికి లేదు. పరిశీలకులు అర్జీదారుల్ని కలిస్తే మీ మార్కులన్నీ చెల్లకుండా పోతాయి. జీడిపిక్కల వాళ్లకు వేసినవి కూడా. తెలుసు కదా?"

"తెలుసండి."

"గురువారం చివరి సమావేశం. ఈలోగా రుజువుంటే తీసుకురండి. అనుమానంతో నేను సంతకం పెట్టలేను."

ఇంటికొచ్చి ఆ మాటే సన్యాసిరావుతో చెప్పింది. ఆయన స్టూలు మీద కాలు చాపుకుని పత్రిక చదువుతున్నాడు. అంతా విని పత్రిక మడిచాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి కదా. కుళ్లిన కండ కోసేస్తానన్నాడు."

"అవును."

"మత్తు ఇవ్వక్కర్లేదన్నాడు కూడాను. ఎలాగూ తెలీదట." ఆయన తన పాదాన్ని ఒకసారి చూసుకున్నాడు. "నా మెడకు ఆ పట్టీ కట్టీ సుగుణా. రిటైరైన కాడి నుంచీ ఈ కాలు పనీపాటా లేకుండా కూర్చుంది. దీనికో డ్యూటీ వెయ్యి."

ఆమె వద్దంది. ఎవరి నొప్పినో మోయడానికి తను ఒప్పుకుంది గానీ, ఇంట్లో మనిషిని బల్ల మీద పెట్టి చూపించడానికి ఒప్పుకోలేదు. ఆయన నవ్వాడు. "నాకెలాగూ నొప్పి లేదు. నొప్పల్లా నీదే. ఆ నలభై మూడు వేలిముద్రలూ తలుచుకో, తగ్గుద్ది."

మంగళవారం శస్త్రచికిత్స గదిలో డాక్టరు పదునైన కత్తితో అరికాలి మాంసం ముక్కలు ముక్కలుగా తీస్తున్నంతసేపూ సన్యాసిరావు రెండు చేతులతో పత్రిక ఎత్తి పట్టుకుని క్రికెట్ వార్తలు చదివాడు. పరిశీలకురాలిగా సుగుణ అడిగి తెచ్చిన పట్టీ ఆయన మెడ వెనుక రాసుకుంటూ పోయింది. ఆమె గోడకానుకుని ఫోనులో వీడియో తీస్తూ నిలబడింది. ఆ గదిలో చెమటలు పట్టింది ఆమె ఒక్కదానికే.

గురువారం సమావేశంలో ఎనిమిది పేర్ల జాబితా బల్ల మీదికి వచ్చింది. పాత్రో కలం మూత తీయబోతుండగా సుగుణ లేచింది.

"అందరూ ఒక్కొక్కరూ నాలుగు నిమిషాలు కుర్చీలో కూర్చోవాలి. ఎవరి నమోదో చెప్పను. అలవాటు ప్రకారం అరవైకి మార్కులు వేయండి."

వైకుంఠం మాస్టారు మొదట కూర్చున్నాడు. లేచి భుజాలు విదిలించుకున్నాడు. "ఎవరో పేపరు చదువుకుంటున్నాడు. చేతులు ఎత్తి పట్టుకున్నాడు. మంచి ఫ్యాను గాలి. మూడు."

మిగతా ఇద్దరిలో ఒకరు రెండు, ఒకరు నాలుగు వేశారు. ఆరేళ్లుగా అధ్యక్షుడిగా ఉన్న పాత్రో ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడు. నాలుగు నిమిషాలయ్యాక కూడా వెంటనే లేవలేదు.

"హాయిగా ఉంది," అన్నాడు. "మూడు వేయండి."

సుగుణ తెర మీద ఆ నాలుగు నిమిషాల వీడియో పెట్టింది. పత్రిక, దాని వెనుక మనిషి, కిందకు వస్తే పాదం, పాదం మీద కత్తి. వైకుంఠం మాస్టారు సగంలో మొహం తిప్పుకున్నాడు.

"ఈయన మా ఆయన," అంది సుగుణ. "బయట కూర్చున్నారు."

సన్యాసిరావు కర్ర ఊతంతో లోపలికి వచ్చి అందరికీ దణ్ణం పెట్టాడు. పాత్రో కుర్చీలోంచే అడిగాడు. "నొప్పి లేదా మీకు?"

"లేదండి," అన్నాడు సన్యాసిరావు. "అదే కదండి జబ్బు."

ఎవరూ ఏమీ అడక్కుండానే ఇందుశేఖర్ కంప్యూటరు దగ్గరికి నడిచాడు. యంత్రం పారేసిన రొదను వెనక్కి తెచ్చి తెర మీద పరిచాడు. మొదట తన ఒంటి నమోదు. కదలకుండా కూర్చున్న మనిషి పాదాల నుంచి కూడా సన్నటి అల ఆగకుండా వస్తోంది. చెప్పు తగులుతోంది, నేల చల్లగా ఉంది, గాలి వీస్తోంది అని పాదం గుసగుసలాడుతూనే ఉంది. తర్వాత సన్యాసిరావుది. పాదాల వరసలో అల లేదు. గీత గీసినట్టుంది. ఆ తర్వాత గుల్లపాడు తెరిచాడు.

పది మంది. ఇరవై పాదాలు. ఇరవై గీతలు. ఒక్కదాంట్లోనూ అల లేదు.

"పోయినేడుది కూడా తెరవండి," అన్నాడు పాత్రో.

పోయినేడు వచ్చినవి మూడు మార్కులు. గీతలు అలాగే ఉన్నాయి. కాకపోతే ఆ ఏడు పదిమందిలో ఇద్దరి పాదాల్లో సన్నటి అల ఇంకా కొంచెం మిగిలి ఉంది.

పాత్రో కలం మూత పెట్టేశాడు. "కారు తీయించండి. అందరం వెళ్దాం. నియమం ప్రకారం వెళ్లకూడదు. ఆ నియమం ఈ పూటకు రద్దు చేస్తున్నాను, రాసుకోండి."

గుల్లపాడు చేరేసరికి ఎండ ఇంకా దిగలేదు. కనుచూపు మేరా ఉప్పుమళ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఆడవాళ్లు పిక్కల దాకా ఉప్పునీళ్లలో నిలబడి పలకలతో ఉప్పు దగ్గరికి లాగుతున్నారు. గట్టు మీదికి వచ్చిన పెద్దావిడ సంఘం పెద్ద, ఎర్రమ్మ. అరవై దాటి ఉంటాయి. ఆమె పాదాలు తెల్లగా, పగుళ్లుదేరి, బెరడు కట్టినట్టున్నాయి.

"మీరేనేటి పట్నం బాబులు," అంది. "పట్టీలు అప్పుడే తీసుకెల్లిపోనారు కదా. మల్లీ ఏటి మరిచిపోనారు?"

సుగుణ గట్టు మీద కూర్చుని, ఆసుపత్రి సంచీలోంచి స్పర్శ ఉందో లేదో చూసే సన్నటి, బిరుసైన నైలాను దారం తీసింది. ఎర్రమ్మను కళ్లు మూసుకోమని, అరికాలికి ఆనించి నొక్కింది. దారం వంగింది. "తగిలినప్పుడు చెప్పమ్మా."

"తగలనీ, సెప్తాను."

అప్పటికి నాలుగు చోట్ల తగిలింది.

సాయంత్రం లోపు నలభై మూడు మందినీ చూసింది. ముప్ఫై ఆరుగురికి అరికాళ్లలో ఏమీ తెలియలేదు. తక్కిన ఏడుగురిలో పడుచువాళ్లే ఎక్కువ. టార్పాలిన్ పట్టా కింద నీడలో ఒకామె మునక్కాయలు కోస్తోంది. పేరు పోలమ్మ. ఆమె కుడికాలు మోకాలి కింద లేదు.

"ఎప్పుడు తీశారు?" అని అడిగాడు ఇందుశేఖర్.

"పోయిన అట్లతద్దికి. గవ్వపెంకు దిగిపోనాది. పురుగు పట్టేదాకా తెలీనేదు," అంది పోలమ్మ కోత ఆపకుండా. "అప్పటికే అర్జీ తిరిగొచ్చీసింది. డాక్టరొస్తాడని సూసినాం, రానేదు. నాకొక్కదానికే కాదు బాబూ, చిట్టెమ్మకీ తీసీసినారు. పోయినేడు పట్టీ కట్టినప్పుడు మా ఇద్దరికే కాళ్లు కొంచెం తెలిసీవి."

ఇందుశేఖర్ ఉప్పుగట్టు మీద కూర్చుండిపోయాడు. పోయినేడు అల మిగిలి ఉన్న ఆ ఇద్దరూ ఎవరో అతనికి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ అర్జీని కాగితం కొట్టేసింది, వీళ్ల అర్జీని నేను కొట్టేశాను అన్నాడు ఎవరితోనూ కాకుండా.

ఎర్రమ్మ వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "అదేటి బాబూ, అలా కూకుండిపోనావు? నీ పట్టీ అబద్దం సెప్పనేదు. నొప్పుందా అని మీ వోళ్లడిగితే నేదన్నాం. ఉన్నమాటే. మా కాళ్లే సెప్పడం మానేసినాయి. ఇయ్యేల మీరొచ్చి సూసినారు కదా. నెగు. టీ తాగు."

అతను లేచాడు. టీ తాగాడు. తర్వాత కారులోంచి కంప్యూటరు తెచ్చి, ఆ గట్టు మీదే, పోలమ్మ పక్కన కూర్చుని పని మొదలుపెట్టాడు. చీకటి పడకముందే అతను రాసిన కొత్త లెక్కలో ఒంటి ఏ భాగం మూగబోయినా యంత్రం ఎర్రజెండా ఎత్తుతుంది.

శనివారం మళ్లీ సమావేశం. గుల్లపాడును చేర్చడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. వైకుంఠం మాస్టారే ముందుగా చెయ్యెత్తాడు. కానీ అసలు ప్రశ్న అడిగిందీ ఆయనే.

"ఇచ్చేది ఎనిమిదింటికి. ఎవర్ని తీసేస్తాం? ఎనిమిదో వాళ్లు జీడిపిక్కల సంఘం."

సుగుణ చేతివేళ్లు ఆమెకు తెలియకుండానే ముడుచుకున్నాయి. ఒకరి కాళ్ల కోసం ఇంకొకరి చేతులు వదలమంటే ఏం చెప్పాలి?

పాత్రో కాగితాలు సర్దుకున్నాడు. "ఎవర్నీ తీయం. వచ్చే ఏడు ఈ యంత్రాన్ని ఇంకో మూడు రాష్ట్రాలకు పంపాలని ఒక మొత్తం పక్కన పెట్టాం. కాళ్లు వినలేని యంత్రాన్ని మూడు రాష్ట్రాలకు పంపి ఏం చేస్తాం? ముందు ఇక్కడ సరిచేద్దాం. ఆ మొత్తంతో గుల్లపాడు తొమ్మిదోది." ఇందుశేఖర్ వైపు చూశాడు. "నీ యంత్రం ఊళ్లేలడం ఇంకో ఏడాది ఆగుతుంది. సమ్మతమేనా?"

"సమ్మతమే సార్. ఇంకోటి కూడా అడుగుతాను." ఇందుశేఖర్ నిలబడ్డాడు. "పదిహేను మార్కుల గీత తీసేయండి. పట్టీ సాక్ష్యం చెబుతుంది. తీర్పు చెప్పకూడదు. తక్కువ మార్కులొచ్చిన ప్రతి ఊరికీ ముందు ఒక మనిషి వెళ్లి చూడాలి. నేనే వెళ్తాను."

గీత ఆ రోజే పోయింది. తర్వాతి నెలలో ఇందుశేఖర్, సుగుణ కలిసి మూడేళ్లుగా కొట్టేసిన అర్జీలన్నీ కొత్త లెక్కతో తిరగేశారు. మరో రెండు చోట్ల ఎర్రజెండా లేచింది. ఒకటి మిషను గుద్దుళ్లకు చేతులు మొద్దుబారిన రాతిక్వారీ పనివాళ్లది. రెండోది రంగుల తొట్లలో మోచేతుల దాకా మునిగే అద్దకం వాళ్లది. ఇద్దరికీ అప్పట్లో పది మార్కులు దాటలేదు. ఇద్దరికీ సాయం మంజూరైంది. క్వారీ వాళ్ల కాగితం మీద సంతకం పెడుతూ పాత్రో, తన ఉద్యోగ జీవితంలో ఇంత ఇష్టంగా తప్పు ఒప్పుకున్న రోజు లేదన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు.

సన్యాసిరావు పాదం మాని, మళ్లీ రైతుబజారుకు వెళ్లసాగాడు. ఇంటికి రాగానే గుమ్మంలో చెప్పులు విడిచి అరికాళ్లు అద్దంలో చూసుకోవడం ఆయనకు కొత్త డ్యూటీ.

గుల్లపాడులో వానలకు ముందే షెడ్డు లేచింది. లోపల పొడుగాటి అరుగు, వరసగా కుళాయిలు. ఆడవాళ్లు మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని మళ్లలోకి దిగుతున్నారు. మొదట్లో నడక రాక ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. నెల మొదటి శనివారం డాక్టరు వస్తాడు. పగుళ్లకు మందు, నరాలకు ఇంజెక్షన్లు. పోయిన స్పర్శ అందరికీ తిరిగి రాదని, వయసులో ఉన్నవాళ్లకు కొంత రావచ్చని ముందే చెప్పాడు. పోలమ్మ కృత్రిమ కాలితో షెడ్డు బాధ్యత చూస్తోంది. బూట్లు కడక్కుండా పెట్టినవాళ్లకు ఆమె చేతిలో మూడినట్టే.

ఎనిమిది నెలలకు సుగుణ మళ్లీ నైలాను దారం పట్టుకుని వెళ్లింది. అరుగు మీద మొదట కూర్చున్నది నూకాలు. ఎర్రమ్మ కోడలు, ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. పోయినసారి ఆమె రెండు అరికాళ్లలోనూ ఏమీ తెలియలేదు.

"కళ్లు మూసుకో. తగిలితే చెప్పు."

మడమకు ఆనించింది. నూకాలు పలకలేదు. పక్కకు జరిపింది. పలకలేదు. బొటనవేలి మొదట్లో ఆనించి, దారం వంగేదాకా నొక్కింది.

నూకాలు కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

కళ్లు తెరిచింది. తన పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూసుకుంది.

"గుచ్చుకున్నాది," అంది. "అత్తా, గుచ్చుకున్నాది నాకు." తర్వాత ఏడుస్తూ నవ్వింది.

ఎర్రమ్మ కోడలి పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, సుగుణ చేతిలో దారం లాక్కుని, అక్కడే తనూ ఓసారి గుచ్చింది. నూకాలు మళ్లీ అబ్బా అంది. ఎర్రమ్మ ఇంకోసారి గుచ్చింది. షెడ్డంతా నవ్వులయింది. అరుగు మీద అటు చివర దాకా ఆడవాళ్లు బూట్లు విప్పుకుని, కాళ్లు చాపుకుని, నాకు గుచ్చమ్మా, ముందు నాకు గుచ్చు అని సుగుణను పిలుస్తున్నారు.